పడుకున్న బొమ్మ

ఒకటో నమోదు. మంచు పలచన, బిందెలు సగమే నిండాయి.

నా పేరు నూకరాజు. గట్టుపేటలో మూడో మెట్టు మీద ఉంటాను. మంచు వలలు కట్టడం, పొద్దున్నే దులిపి నీళ్ళు పట్టడం నా పని. ఇదంతా గోడకు చెబుతున్నాను, గోడ రాసుకుంటోంది. నేను ఎలా వాగినా అది పుస్తకాల తెలుగులోకి దిద్దేస్తుందట. పక్కవాళ్ళ మాటలు మాత్రం ఉన్నవి ఉన్నట్టు వేస్తుందట. సరే, దాని ఇష్టం.

డాక్టర్ శశిరేఖగారు రోజూ ఏం జరిగిందో చెప్పమన్నారు. మా ఆవిడ కాసులమ్మ కంటిపొరలు పోయిన నెల తీసేశారు. ఉయ్యాలలో వేసిన రోజే అందరికీ అతికించే పొరలే అవి. ఇన్నేళ్ళూ బాగానే ఉండి, ఈమధ్య ఆమె కళ్ళకు పడటం మానేశాయి. ఎర్రబడి, నీరు కారి, చివరికి చీము పట్టాయి. తీయక తప్పలేదు. తీశాక క్లినిక్‌లో అట్ట మీది అక్షరాలు చదివే పరీక్ష పెట్టారు, తప్పింది. ఉత్త కంటికి ఇంకా అలవాటు కాలేదేమో, కొంత గడువు ఇస్తాను అన్నారు డాక్టరమ్మ. గడువు లోపల కన్నూ చెయ్యీ కలిసి పనిచేస్తే సరే. లేకపోతే పైఇంటికి పంపాలి.

పైఇల్లంటే కొండ నెత్తిన, చూపులేనివాళ్ళను ఉంచే ఇల్లు. మాది మెట్ల ఊరు. అంచు దాటి అడుగు వేస్తే కింద సముద్రమే. అందుకని చూపు లేనివాళ్ళు ఇక్కడ ఉండకూడదని రూలు. మొగుడైనా సరే, పౌర్ణమికి ఒకసారి వెళ్ళి చూసి రావాలి.

పౌర్ణమికి ఒకసారట! పెళ్ళయిన దగ్గర్నుంచి ఆమె గురక వినపడకపోతే నాకు నిద్ర పట్టదు. ఈ మాట కూడా రాసుకో గోడా, డాక్టరమ్మ చదవనీ.

ఈలోగా చేయమని డాక్టరమ్మ చెప్పిన అభ్యాసం ఏమిటంటే, కదిలే బొమ్మను ఉత్త కంటితో చూస్తూ చేత్తో ఆడించాలి. చిక్కల్లా అక్కడే. మనకు బొమ్మలన్నీ పొరలోనే కనిపిస్తాయి. పొర లేకపోతే బొమ్మే లేదు. ఉత్త కంటికి కూడా బొమ్మ చూపించగలిగేది పూర్వకాలపు ట్యూబు టీవీ ఒక్కటేనట. బొమ్మను తన అద్దం మీదే వేసుకుంటుందట. అలాంటిది ఎక్కడైనా దొరికితే ఆటపెట్టెలో బిగించి ఆడించమన్నారు.

దొరక్కపోతే ఏం చేయాలో అడగలేదు. అడగాలంటే భయమేసింది.

రెండో నమోదు. మంచు దట్టం.

దొరికింది. మునక సంతలో, పడవవాళ్ళు మునిగిపోయిన మేడల పై అంతస్తుల్లోంచి తెచ్చి అమ్మే చోట. ఒకడు పైపంచలో చుట్టి పెట్టాడు. ఏ ఇంటి అటక మీదో ఉండిపోయిందట, చుక్క నీరు తగల్లేదు. కొత్త మంచు వల ఒకటి ఇచ్చి తీసుకున్నాను. ఆట సర్క్యూటు, ఒక హ్యాండిలు, రెండు బటన్లు కొసరుగా పడేశాడు.

బరువు మాత్రం దూడంత ఉంది. ముందర చూస్తే చక్కగా పలక లాగే ఉంటుంది, వెనక బొజ్జ. మెట్లు ఎక్కించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. కాసులమ్మ గుమ్మంలో నిలబడి నవ్వింది.

"ఓలమ్మ! ఇది టీవీయా మావా, పురిటికొచ్చిన సూలాలా?"

ఆమె నవ్వి నెల దాటింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

మూడో నమోదు. మంచు లేదు. వలలు దులిపితే దుమ్మే.

పెట్టె చేశాను. కలప ఎక్కడిదంటే, మా నాన్న పడవది. మా పడవోళ్ళలో ఒక పట్టింపు ఉంది. ముసలిదైన పడవను విప్పొచ్చు, చెక్కలు ఇంటికి వాడుకోవచ్చు. కానీ చెక్కకు రంపం పెట్టకూడదు. పడవ ఎంత పొడుగు ఇచ్చిందో అంతే తీసుకోవాలి. నాకు ఊహ తెలిశాక మా ఇంట్లో ఎవరూ పెట్టలేదు, నేనూ పెట్టలేదు.

అందువల్ల పెట్టె సన్నగా వచ్చింది. నిలువు బోలెడంత ఉంది, వెడల్పు చాల్లేదు. టీవీ ప్లాస్టిక్ డొక్క ఊడదీసేశాను. ట్యూబుకు నాలుగు మూలలా చెవులుంటాయి, వాటిలోంచి బోల్టులు దిగ్గొట్టాలి. దాని బొజ్జ మీద రబ్బరు టోపీ ఒకటుంది. కరెంటు తీసేసినా దాంట్లో దెబ్బ దాక్కుని ఉంటుందని సంతవాడు హెచ్చరించాడు. స్క్రూడ్రైవర్‌కి వైరు కట్టి, ఆ వైరు రెండో కొస ఇనప చట్రానికి తగిలించి, టోపీ కిందకు దూర్చాను. టప్పుమంది. నేను ఎగిరి గోడకు కొట్టుకున్నాను. గోడ కూడా రాసుకునే ఉంటుంది.

ట్యూబు అడ్డంగా పట్టలేదు. ఎన్ని తిప్పలు పడ్డా పట్టలేదు. ఇంక లాభం లేదని నిలువుగా తిప్పి, పక్కమీద నిలబెట్టి బిగించేశాను. కరెంటు పెట్టేముందు కాస్త బెంగపడ్డాను. పెట్టాక చూస్తే బొమ్మ నిటారుగా నిలబడి ఉంది. పడవ కింద, రాళ్ళు పైన, పిట్ట ఆకాశంలో. ఎంత తెలివైన వస్తువు! పూర్వకాలం వాళ్ళను తక్కువ అంచనా వేయకూడదు.

అయినా బొమ్మ నిటారుగా కాక ఇంకెలా ఉంటుంది? మంచం మీద పడుకుని చూసినా, వల విప్పుతూ తలకిందులుగా వేలాడి చూసినా, బొమ్మెప్పుడూ నిటారుగానే ఉంటుంది. నేను అనవసరంగా బెంగపడ్డాను.

నాలుగో నమోదు. మంచు ఓ మోస్తరు.

ఈరోజు ఆట మొదలుపెట్టాం. ఆట చాలా చిన్నది. పడవ కింద ఉంటుంది, పైనుంచి రాళ్ళు దొర్లుకుంటూ వస్తాయి. హ్యాండిలు ఎడమకు తోస్తే పడవ ఎడమకు, కుడికి తోస్తే కుడికి. రాయి తగలకుండా దాటించాలి. నేను మూడు ఆటలు ఆడాను, బాగానే దాటించాను.

కాసులమ్మ స్టూలు మీద కూర్చుని, మెడ ఒక పక్కకు వంచింది.

"మావా, బొమ్మ తొంగున్నాది."

"తొంగోవడమేంటి?"

"అడ్డంగా తొంగున్నాది. పడవ ఎడం పక్కనున్నాది, రాళ్ళు కుడి పక్కనుంచొస్తన్నాయి. ఎడమకి తోస్తే పైకెల్తన్నాది."

నేను దగ్గరికెళ్ళి చూశాను. చక్కగా నిటారుగా ఉంది. ఆ మాటే చెప్పాను. ఆమె ఒప్పుకోలేదు, నేనూ ఒప్పుకోలేదు. మా ఇంట్లో ఎవరూ ఒప్పుకోనప్పుడు పక్కింటి గైరమ్మ పిన్నిని పిలుస్తాం. పిన్ని పిండి చేతులతోనే వచ్చి చూసింది.

"శుబ్బరంగా నిలబడున్నాది గదే కాసులూ! నీకలగెందుకు కనపడతన్నాదే తల్లీ?"

కాసులమ్మ మళ్ళీ టీవీ వంక చూసింది. తర్వాత మా ఇద్దరి మొహాలూ చూసింది. మళ్ళీ హ్యాండిలు పట్టుకుంది. రాయి తగిలి పడవ మునిగింది. మళ్ళీ మునిగింది. నేను ఆ తర్వాత లెక్కపెట్టడం మానేశాను.

సాయంత్రం అరుగు మీద కూర్చుని చిరిగిన వల బాగుచేసింది. ఒక్క కన్ను కూడా తప్పకుండా ముడి వేసింది. చేతి అలవాటు, చూపుతో పనేముంది అనుకున్నాను.

ఐదో నమోదు. మంచు ఓ మోస్తరు.

అదే మాట. బొమ్మ తొంగున్నాదంటుంది. ఈరోజు నాకు కోపమొచ్చి గట్టిగా అరిచాను.

"బొమ్మకేమీ రోగం లేదు. పేటంతా వచ్చి చూసింది, అందరికీ నిటారుగానే ఉంది. నీ కళ్ళే తొంగున్నాయి!"

అని ఊరుకోవాల్సింది. కానీ నా నోరు నాకు తెలుసు కదా. "కాస్త మనసు పెట్టి చూడవే, పైఇంటికి పోవాలని సరదాగా ఉందా" అని కూడా అన్నాను. ఆమె లేచి లోపలికి వెళ్ళిపోయింది.

కోపం ఆమె మీద కాదు. భయం. డాక్టరమ్మా, భయం వస్తే నేను ఇలాగే ఉంటాను.

ఎనిమిదో నమోదు. మధ్యలో రెండు రోజులు చెప్పలేదు, చెప్పడానికి ఏమీ లేక. గోడ మాత్రం రోజుల లెక్కే వేసుకుంటోంది.

ఈరోజు ఆట ముందు కూర్చోగానే నేను అడక్కుండానే, "బొమ్మ నిటారుగానే ఉన్నాది మావా" అంది.

నాకు ఎంత సంతోషమేసిందో! కళ్ళు కుదురుకుంటున్నాయని గైరమ్మ పిన్నికి కేకేసి చెప్పాను. తీరా ఆట మొదలయ్యాక మొదటి రాయికే పడవ పోయింది. రెండోదానికీ పోయింది. ఆమె హ్యాండిలు ఎడమకు తోయాల్సిన చోట పైకి తోస్తోంది, మళ్ళీ తడుముకుని దిద్దుకుంటోంది. మెడ పక్కకు వాలిపోతుంటే బలవంతాన నిలబెట్టుకుంటోంది.

"నిజంగానే నిటారుగా కనపడుతోందా?" అని అడిగాను.

హ్యాండిలు వదిలేసింది. తర్వాత చాలా మెల్లగా అంది. "లేదు మావా. అందరికీ ఒకలాగ కనపడి, నాకొక్కదానికే ఇంకోలాగ కనపడితే నాదే గదా తప్పు? అలగంటే అలవాటవుతాదేమోనని అన్నాను."

నేను ఆమె పక్కన కూర్చున్నాను. తప్పు ఆమె కళ్ళదేనని నేను కూడా నమ్ముతున్నాను మరి. టీవీ ఆపేశాను.

పదో నమోదు. మంచు దట్టం. బిందెలన్నీ నిండాయి, ఆ సంతోషం లేదు.

డాక్టరమ్మ వచ్చారు. బొమ్మ ముందు ఆవిడే కూర్చుని ఒక ఆట ఆడారు. "చాలా బాగా బిగించారండీ, బొమ్మ స్పష్టంగా ఉంది" అని నన్ను మెచ్చుకున్నారు. తర్వాత కాసులమ్మను ఆడమన్నారు. పడవ ఒక్క రాయినీ దాటలేదు.

డాక్టరమ్మ మంచావిడ. కాసులమ్మ చెయ్యి పట్టుకుని చెప్పారు. "అమ్మా, మీరు చేయాల్సిందంతా చేశారు. కంటికీ మెదడుకీ మధ్య దారి తప్పింది. ఇలాంటివి చూశాను. పొరలు పడక పైఇంటికి వెళ్ళినవాళ్ళందరూ మొదట్లో ఇలాగే చెప్పేవాళ్ళు, వంకరగా ఉంది, ఖాళీగా ఉంది, అక్షరాలు లేవు అని."

కొండ నెత్తికి తీగ మీద పాకే తీగబండిని గురువారం పంపుతానన్నారు. నేను బతిమాలాను. మెట్లన్నిటికీ కంచె కడతానన్నాను, ఆమెను తాడుతో నా నడుముకు కట్టుకుంటానన్నాను. కాసులమ్మ నా మోచెయ్యి పట్టుకుని ఆపింది.

ఆ తర్వాత వంటింట్లోకి తీసుకెళ్ళి, ఏ డబ్బాలో ఏముందో చూపించింది. చింతపండు ఎక్కడ, ఎండుచేపలు ఎక్కడ, పులుసులో మెంతులు ఎప్పుడు వేయాలో. నేను వినలేదు. విన్నట్టు తలూపాను, అంతే.

పదకొండో నమోదు. మిట్ట మధ్యాహ్నం. మంచు సంగతి తర్వాత.

గోడా, నిదానంగా చెబుతాను. తప్పు పోకుండా రాసుకో.

కాసులమ్మ గైరమ్మ పిన్ని ఇంటికి చెప్పి రావడానికి వెళ్ళింది. నాకు ఏం తోచక టీవీ పెట్టుకుని కూర్చున్నాను. ఎవరూ ఆడనప్పుడు అది తనంతట తానే ఆడుకుంటుంది. పైన ఆకాశంలో తెల్లటి పిట్ట ఒకటి ఎడమ నుంచి కుడికి ఎగురుతుంది, పోయి మళ్ళీ వస్తుంది.

అద్దం వెచ్చగా ఉంటుంది కదా, ఒక బల్లి వచ్చి చేరింది. కుడి అంచున, పై మూల నిలబడింది. పిట్ట బయల్దేరగానే బల్లి కుడి అంచు వెంట కిందికి దిగడం మొదలెట్టింది. నోరు తెరిచి అద్దాన్ని టక్కున కొట్టింది. అక్కడేమీ లేదు. ఉత్త సముద్రం. పిట్టేమో పైన పోతోంది. ఇదేం పిచ్చి బల్లిరా బాబూ అని నవ్వుకున్నాను.

పిట్ట మళ్ళీ వచ్చింది. బల్లి పరుగున పై మూలకెక్కి, మళ్ళీ కుడి అంచు వెంట కిందికి దిగింది. పిట్ట ఆగితే అదీ ఆగింది. పిట్ట తొందరపడితే అదీ తొందరపడింది. పిట్ట కుడి కొసకు చేరేసరికి బల్లి కింది మూలలో ఉంది. ప్రతిసారీ అంతే.

నా నవ్వు ఆగిపోయింది. బల్లికి ఆకలేస్తుంది గానీ పిచ్చెక్కదు. మరి దానికి పిట్ట అక్కడ ఎందుకు కనపడుతోంది? దాని కంటికి పొర ఎవరు వేశారు?

లేచి, బల్లిని తోలేసి, కుడి అంచు మీద నా అరచెయ్యి పరిచాను. పిట్ట ఉన్న చోట కాదు, బల్లి ఉన్న చోట. పిట్ట బయల్దేరింది. పైన, నా చెయ్యి లేనే లేని చోట, ఆకాశం నల్లబడి పిట్ట మాయమైంది. చెయ్యి తీశాను, వచ్చింది. మళ్ళీ పెట్టాను, పోయింది.

పిట్ట నిజంగా నా చేతి కింద ఉంది. బొమ్మ నిజంగా పడుకునే ఉంది. పక్కమీద నిలబెట్టింది నేనే కదా, పడుకోక ఏం చేస్తుంది! నా కళ్ళ మీది పొర దాన్ని లేవదీసి, నిటారుగా సర్ది, నాకు చూపిస్తోంది. నాకే కాదు. పిన్నికీ, పేటకీ, డాక్టరమ్మకీ. అందరి పొరా ఒకే పని చేస్తోంది, అందుకే అందరం ఒకే మాట అన్నాం. మా ఇంట్లో ఉన్నదాన్ని ఉన్నట్టు చూసింది కాసులమ్మ ఒక్కతే. ఆ మాట చెప్పినందుకు ఆమెను తిట్టాను.

చెప్పులు వేసుకోకుండా పిన్ని ఇంటికి పరిగెత్తాను.

పదకొండో నమోదుకు మిగతా.

కాసులమ్మకు చెప్పాను. అరచెయ్యి సంగతి, బల్లి సంగతి, అన్నీ. కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. గుమ్మంలో అలాగే కూర్చుండిపోయి, చాలాసేపు ఏడ్చింది. నేను ఆమె పాదాల దగ్గర కూర్చున్నాను. తప్పు నాదే, మన్నించు అన్నాను. పిన్ని ఇద్దర్నీ కలిపి తిట్టింది.

ఏడుపు ఆగాక కాసులమ్మ కొంగుతో మొహం తుడుచుకుని అంది. "అయితే నా కళ్ళు బాగున్నాయి."

"బాగున్నాయి."

"మరింక కూకున్నావేటి? లే, సరిగ్గా బిగించు!"

సరిగ్గా బిగించాలంటే పెట్టె వెడల్పు కావాలి. వెడల్పు కావాలంటే పొడుగు చెక్కలు కోసి అడ్డం వేయాలి. మా నాన్న పడవ. రంపం తెచ్చాను. మొదటి కోత పెట్టేముందు చెక్కను కళ్ళకద్దుకున్నాను. నాన్నా, ఏమనుకోకు, నీ కోడలు ఇంట్లో ఉండాలి అని పైకే అన్నాను. తర్వాత రంపం ఆపలేదు.

ట్యూబును అడ్డంగా దించి బోల్టులు పెట్టాను. అప్పుడొచ్చింది అసలు చిక్కు. సరిగ్గా కూర్చుందో లేదో నాకెలా తెలుస్తుంది? కరెంటు పెట్టి చూస్తే బొమ్మ నిటారుగా ఉంది. మొన్న ఎలా ఉందో అచ్చం అలాగే. నా కళ్ళకు ఏమీ మారలేదు. నా కళ్ళు ఎందుకూ పనికిరావు.

"నువ్వు చెప్పు" అన్నాను.

"ఎడం పక్క కుంచెం దింపు. ఇంకా. ఆ, అతిగా దింపేసినావు, ఎత్తు. అలగే ఉండు."

అలాగే ఉన్నాను. ఆమె హ్యాండిలు పట్టుకుంది. మెడ నిటారుగా ఉంది. మొదటి రాయి దాటింది, రెండోది దాటింది. మూడో రాయికి నేను రొప్పుతూ ఆమె మీదికి వంగాను. నాలుగోది దాటాక ఆమె నన్ను పక్కకు తోసేసింది. "అడ్డం లే మావా, ఊపిరి సప్పుడు సేత్తన్నావు."

పన్నెండో నమోదు. గురువారం. మంచు పలచన.

తీగబండి వచ్చింది. డాక్టరమ్మతో పాటు ఇద్దరు బండివాళ్ళు. కాసులమ్మ ఆడి చూపించింది, పడవ రాళ్ళన్నీ దాటింది. నేను బల్లి కథ చెప్పాను. డాక్టరమ్మ నుదురు చిట్లించారు.

"ఆట అలవాటయ్యి ఉండొచ్చు కదండీ. రాళ్ళు వచ్చే వరస గుర్తుంటే కళ్ళతో పనేముంది? బల్లిని సాక్ష్యంగా రాసుకుని నేను సంతకం పెట్టలేను."

మాట నిజమే. కాసులమ్మ మాత్రం కదల్లేదు.

"అయితే ఒక పని సెయ్యండమ్మా. నాను బైటికెల్తాను. టీవీని మీ ఇష్టమొచ్చినట్టు తిప్పించండి. నానొచ్చి ఎలగున్నాదో సెప్తాను. తప్పితే బండెక్కేత్తాను."

ట్యూబు బోల్టులు విప్పి, నేల మీద పరుపు వేసి నిలబెట్టాం. పైన దుప్పటి కప్పి, మధ్యలో పళ్ళెమంత గుండ్రటి కన్నం చేశాం, చట్రం ఆకారం చూసి చెప్పిందనడానికి లేకుండా. కాసులమ్మ పిన్నితో బయట నిలబడింది. డాక్టరమ్మ చేత్తో సైగ చేశారు, బండివాళ్ళు తిప్పారు. కన్నంలోంచి చూస్తే నాకు పడవా పిట్టా నిటారుగా ఉన్నాయి. డాక్టరమ్మకూ అంతేనట.

కాసులమ్మ లోపలికొచ్చి ఒక్కసారి చూసింది. "తలకిందులు."

దుప్పటి ఎత్తి చూస్తే ట్యూబు తలకిందులుగానే ఉంది.

ఆమె బయటికెళ్ళింది, మళ్ళీ తిప్పారు. "కుడి పక్కకి తొంగున్నాది." అవును. మళ్ళీ తిప్పారు. "ఎడం పక్కకి." అవును. చివర్లో డాక్టరమ్మ తిప్పొద్దని, ఉన్నది ఉన్నట్టే ఉంచమని సైగ చేశారు. కాసులమ్మ వచ్చి నవ్వింది. "ముట్టుకోనేదు మీరు."

డాక్టరమ్మ కన్నంలోకి చూస్తూ ఉండిపోయారు. "నాకు ప్రతిసారీ ఒకేలా ఉంది" అన్నారు. ఎవరితో అన్నారో తెలియదు. మంచినీళ్ళు అడిగి తాగారు. పొరలు బొమ్మల్ని సర్దుతాయని చదువుకునే రోజుల్లో ఒక పాఠంలో విన్నారట. తర్వాత ఎప్పుడూ ఆ ఊసు రాలేదట.

"మీరు ఇంట్లోనే ఉంటారమ్మా" అన్నారు.

నేను కూర్చుని టీవీ మీది దుప్పటి మడత పెట్టసాగాను. కానీ కాసులమ్మ ఇంకా నిలబడే ఉంది.

"డాక్టరమ్మా, ఒక మాట. మీ క్లినిక్కులో పరీచ్చ అట్ట ఒకటున్నాది గదా, అచ్చరాలు సదవమంటారు."

"అవునమ్మా."

"దాని మీద అచ్చరాలు నేవమ్మా. ఆరోజే సెప్పాను. తెల్లగా ఎలిసిపోయి ఉన్నాది. అక్కడక్కడ మచ్చలున్నాయి, అంతే."

డాక్టరమ్మ మొహంలో రంగు పోయింది. "నేను రోజూ చదువుతాను దాన్ని. పై నుంచి కింద దాకా చదువుతాను."

మరి ఎవరు చదివిస్తున్నారో ఇప్పుడు మాకు తెలుసు. ఆ అట్ట ఆవిడ ఉద్యోగంలో చేరకముందు నుంచీ గోడకుందట. ఎప్పుడు వెలిసిందో, పొర ఎప్పటి నుంచి అక్షరాలు పూరిస్తోందో ఎవరూ చూడలేదు. చూసినవాళ్ళు చెప్పారు. చెప్పినవాళ్ళనల్లా పైఇంటికి పంపారు.

డాక్టరమ్మ స్టూలు మీద కూలబడి రెండు చేతులతో మొహం కప్పుకున్నారు. పిన్ని విసనకర్ర తెచ్చింది. కాసులమ్మ పొయ్యి దగ్గరకెళ్ళి నాలుగు బొగ్గు ముక్కలు ఏరుకుని కొంగున కట్టుకుంది.

"బండి ఎలాగూ వచ్చింది గదా. పదండి, ఎల్దాం."

నేను గాభరాపడి అడ్డం వెళ్ళాను. ఆమె నా గడ్డం పట్టుకుని ఊపింది. "సాయంత్రానికొచ్చేత్తాను మావా. అన్నం వొండు."

అదే రోజు, సాయంత్రం.

అన్నం వండాను, మాడింది. చేపల పులుసులో మెంతులు ముందే వేసేశాను కాబోలు, చేదొచ్చింది. తీగబండి చప్పుడు వినపడగానే గుమ్మంలోకి వెళ్ళాను. దిగింది. చేతులు మోచేతుల దాకా బొగ్గు. కాళ్ళు కడుక్కుని పళ్ళెం ముందు కూర్చుంది.

సగం తిన్నాక చెప్పింది. పైఇంటి గోడ మీద బొగ్గుతో పెద్ద పెద్ద అక్షరాలు రాసిందట. అందర్నీ ఒక్కొక్కరినీ పిలిచి నిలబెట్టారట. ఇద్దరికి నిజంగానే కళ్ళు లేవు. మిగిలినవాళ్ళందరూ చదివేశారు. డాక్టరమ్మ ప్రతి ఒక్కరి దగ్గరా చేతులు జోడించారట. కొందరు దణ్ణం పెట్టారు, ఒకామె మొహం తిప్పుకుని వెళ్ళిపోయింది. దాలినాయుడని ఒక ముసలాయన అందరికంటే ముందు నుంచి అక్కడ ఉన్నాడు. ఆయన గోడంతా చదివి, మళ్ళీ మొదటి నుంచి చదివి, కాసులమ్మ భుజం మీద తల పెట్టి ఏడ్చాడట.

"ఏడుపయ్యాక నన్నొక మాటడిగినాడు మావా. 'అట్ట మీద అచ్చరాలు నేవని నాను మొత్తుకుంటే మా ఇంట్లో ఒక్కడూ నమ్మనేదు, పెళ్ళాం కూడా నమ్మనేదు. నీ మాట ఎవులు నమ్మినారమ్మా?' అని."

"నువ్వేమన్నావు?"

ఆమె చేప ముల్లు తీసి పక్కన పెట్టింది.

"మా ఆయన నమ్మినాడన్నాను. కుంచెం ఆలీసంగా అని కూడా అన్నాను."

నేను తల దించుకుని ఆమె పళ్ళెంలో ఇంకో చేప ముక్క వేశాను.